డాక్టరు వాల్టరు రీడు: తెలిసి ప్రాణమొడ్డినవారి కథ

పరోపకారార్థము శరీరము నర్పించినవారి కథలు మనకు క్రొత్తవి కావు. పావురమును కాపాడుటకై శిబిచక్రవర్తి తన తొడమాంసమును కోసి త్రాసులో వేసెను. దేవతల కోరికపై దధీచి తన యెముకల నిచ్చెను. చిన్ననాడు ఈ కథలను విన్నపుడు మనము త్యాగమును మాత్రమే చూచితిమి. వయసు వచ్చిన పిదప వానియందు మఱియొక విశేషము కన్పట్టును. శిబి కోసినది తన తొడ. సేవకుని తొడ కాదు. దధీచి కడకు దేవతలు వచ్చి యాచించిరి. ఆయన యెరుగకుండ ఎముకలను హరింపలేదు. అడుగుట, తెలిసి యిచ్చుట అను రెండును లేనిచో అది త్యాగము గాక హింస యగును. వైద్యశాస్త్రము ఈ భేదమును గుర్తించి కాగితముపై వ్రాసి సంతకము చేయించిన తొలి సందర్భములలో ముఖ్యమైనది 1900వ సంవత్సరము నవంబరు నెలలో క్యూబా ద్వీపమున జరిగెను. ఆ పని చేయించినవాడు అమెరికా సైన్యపు వైద్యుడు వాల్టరు రీడు. ఆరోగ్యవంతులకు బుద్ధిపూర్వకముగా రోగము నంటించి టీకాలను పరీక్షించు పద్ధతి ఇటీవలి సంవత్సరములలో మరల చర్చకు వచ్చినందున, ఆయన జీవితమును పాఠకులకు జ్ఞాపకము చేయుట యుక్తమని తలంచుచున్నాము.

రీడు 1851వ సంవత్సరము సెప్టెంబరు 13వ తేదీన వర్జీనియా రాష్ట్రములోని గ్లౌస్టరు మండలమున జన్మించెను. తండ్రి మెథడిస్టు సంఘమున మతబోధకుడు. ఆ యుద్యోగములో ఒక్క యూర స్థిరముగా నుండుటకు వీలు లేదు, సంపాదనయు స్వల్పము. బాల్యములోనే అమెరికా అంతర్యుద్ధము వచ్చి వర్జీనియా యుద్ధభూమిగా మారెను. ఇట్టి యిబ్బందులలో పెరిగియు రీడు వర్జీనియా విశ్వవిద్యాలయమున చేరి, 1869లో పదునెనిమిదేండ్లు నిండకమునుపే వైద్యపట్టము పుచ్చుకొనెను. మరుసటి యేడు న్యూయార్కు నగరములోని బెల్వ్యూ వైద్యకళాశాలలో రెండవ పట్టమును పొందెను. కొంతకాలము న్యూయార్కు, బ్రుక్లిను నగరముల ఆరోగ్యశాఖలలో పనిచేసి, పేదవాడలలో రోగము ఎట్లు వ్యాపించునో కన్నులార చూచెను. 1875లో సైనిక వైద్యశాఖలో ప్రవేశించి, మరుసటి సంవత్సరము ఎమిలీ లారెన్సు అను కన్యను వివాహమాడెను.

పిదప పదునెనిమిది సంవత్సరములలో అధికభాగము ఆయనకు సరిహద్దు దండులలోనే గడచెను. అరిజోనా ఎడారి మొదలు నెబ్రాస్కా, డకోటా మైదానముల వరకు ఎచ్చటికి పొమ్మన్న నచ్చటికి పోవలసివచ్చెను. సైనికులకే గాక చుట్టుప్రక్కల కాపురమున్న కుటుంబములకును, ఆదిమజాతులవారికిని ఆయనయే వైద్యుడు. గ్రంథాలయము లేదు, ప్రయోగశాల లేదు, సలహా చెప్పు తోటివైద్యుడు లేడు. ఆ కాలముననే ఐరోపాలో పాశ్చరు, కోఖు మున్నగువారు సూక్ష్మజీవులను కనిపెట్టి వైద్యశాస్త్రమును తలక్రిందులు చేయుచుండిరి. తాను వెనుకబడిపోవుచున్నానను చింత రీడును బాధించుచుండెను. నడివయసున, 1890 ప్రాంతమున, బాల్టిమోరు నగరమునకు బదిలీ చేయించుకొని, జాన్సు హాప్కిన్సు ఆసుపత్రిలో విలియము వెల్చి యను గొప్ప శాస్త్రజ్ఞుని యొద్ద విద్యార్థివలె చేరి సూక్ష్మజీవిశాస్త్రము నభ్యసించెను. నలువదేండ్ల వయసున మరల పలక పట్టుటకు సిగ్గుపడని గుణమే ఆయన తరువాతి కీర్తికి పునాది. 1893లో వాషింగ్టనులోని సైనిక వైద్యకళాశాలలో ఆచార్యుడును, సైనిక వైద్య ప్రదర్శనశాలకు అధికారియు నయ్యెను.

1898లో అమెరికాకును స్పెయినునకును యుద్ధము వచ్చెను. యుద్ధము కొలది నెలలలో ముగిసెను గాని, అమెరికా సైనికులలో శత్రువుల గుండ్లకు కూలినవారికంటె స్వదేశములోని దండులలోనే టైఫాయిడు జ్వరముచే మరణించినవారు అనేక రెట్లు హెచ్చు. 20,000 మందికి పైగా రోగము తగిలెను. 1,500 మందికి పైగా చనిపోయిరి. కారణము విచారించుటకు రీడు అధ్యక్షతను ఒక సంఘమేర్పడెను. నీరొక్కటే కారణమని యంతవరకు నమ్మిక యుండెను. ఈగలును, మురికి చేతులును, శుభ్రపరుపని దొడ్లును రోగమును గుడారమునుండి గుడారమునకు మోయుచున్నవని సంఘమువారు లెక్కలతో నిరూపించిరి. ఈ టైఫాయిడు ప్రసక్తి తుదకు మన హైదరాబాదు వరకు వచ్చును గనుక పాఠకులు దీనిని మనసున నుంచుకొనవలయును.

యుద్ధానంతరము క్యూబా ద్వీపము అమెరికా పాలనలోనికి వచ్చెను. దానితోపాటు పచ్చజ్వరము, అనగా ఎల్లోఫీవరు, వారి పాలబడెను. ఆ వ్యాధి అమెరికనులకు క్రొత్తది కాదు. 1793లో అప్పటి రాజధాని ఫిలడెల్ఫియాలో అది ఇంచుమించు 5,000 మందిని పొట్టబెట్టుకొనగా ప్రభుత్వమే నగరము విడిచి పారిపోయెను. 1878లో మిసిసిపీ నదీతీర పట్టణములలో 20,000 మంది వరకు మడిసిరి. తీవ్రమైన జ్వరము, కన్నులకును చర్మమునకును పచ్చదనము, తుదకు నల్లని వాంతి: ఇవి దాని లక్షణములు. మందు లేదు. రోగి కట్టిన బట్టలును పరుపులును రోగమును మోయునని అందఱును నమ్మిరి. బట్టలు కాల్చిరి, ఇండ్లకు పొగలు వేసిరి, ఓడలను రేవు వెలుపల నిలిపిరి. ఏమి చేసినను రోగము ఒక యింటిని వదలి ఆవలి యింట ప్రత్యక్షమగుచుండెను.

అప్పటికి రెండు సిద్ధాంతములు వాడుకలో నుండెను. ఇటలీదేశస్థుడగు సనరెల్లి 1897లో ఈ రోగమునకు మూలమైన సూక్ష్మజీవిని కనుగొంటినని ప్రకటించెను. దానిని నిరూపించుటకై ఆసుపత్రిలోని ఐదుగురు రోగులకు, వారి యనుమతి లేకయే, ఆ సూక్ష్మజీవుల ద్రవమును సూదితో నెక్కించెను. సుప్రసిద్ధ వైద్యుడు విలియము ఆస్లరు దీనిని బహిరంగముగా నిరసించెను. రీడును ఆయన సహచరుడు జేమ్సు కారోలును పరీక్షించి చూడగా సనరెల్లి చెప్పిన జీవికిని పచ్చజ్వరమునకును సంబంధమే లేదని తేలెను. రెండవ సిద్ధాంతము హవానా నగర వైద్యుడు కార్లోసు ఫిన్లేది. ఒక జాతి దోమయే రోగవాహకమని ఆయన 1881లోనే చెప్పెను. ఇరువది సంవత్సరములలో దాదాపు నూరుమందిని దోమలచే కుట్టించి చూచెను. కాని సందేహమునకు తావులేని నిదర్శన మొక్కటియు చూపలేకపోయెను. జనులు ఆయనను చాదస్తునిగా నెంచిరి. ఇంతలో 1897 ఆగస్టులో మన సికిందరాబాదున రొనాల్డు రాసు దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనుటతో దోమల మాట నవ్వులాట కాదని లోకమునకు తెలిసివచ్చెను.

1900వ సంవత్సరము జూను నెలలో రీడు అధ్యక్షతను నలుగురు సభ్యుల సంఘము క్యూబాలో సమావేశమయ్యెను. కారోలు, జెస్సీ లజియరు, అరిస్టిడెసు అగ్రమాంటే అనువారు తక్కిన ముగ్గురు. ఫిన్లే సంతోషముతో తన దోమగ్రుడ్ల నిచ్చెను. ఇక సంఘమున కొక ధర్మసందేహము కలిగెను. ఈ వ్యాధి సోకు జంతువేదియు అప్పటికి తెలియదు. పరీక్షింపవలయునన్న మనుష్యునే పరీక్షింపవలయును. ఇతరులను ప్రమాదమున కొప్పగించుటకు ముందు తామే దోమకాటునకు లోబడవలయునని సభ్యులు నిశ్చయించుకొనిరి. అగ్రమాంటే క్యూబాలో పుట్టినవాడగుటచే ఆయనకు రోగము రాదని భావించిరి. రీడు టైఫాయిడు నివేదికను పూర్తిచేయుటకై ఆగస్టు మొదట వాషింగ్టనునకు పోయెను. ఆగస్టు 27వ తేదీన కారోలు ఒక దోమకు తన చేయి నిచ్చెను. ఆ దోమ పండ్రెండు దినములకు పూర్వము ఒక రోగిని కుట్టినది. కారోలు చావు అంచువరకు పోయి మరలెను. తరువాత విలియము డీను అను సైనికుడు అంగీకరించి కుట్టించుకొని, జ్వరపడి కోలుకొనెను.

సెప్టెంబరు నెలలో లజియరునకు జ్వరము తగిలెను. ఆసుపత్రిలో తానై వచ్చి వాలిన దోమను తోలక యూరకుంటినని ఆయన మిత్రులతో చెప్పెను. కావలెననియే కుట్టించుకొని, కుటుంబమునకు రావలసిన భీమా ద్రవ్యమునకు విఘ్నము కలుగకుండ దాచెనని కొందరి యభిప్రాయము. ఎట్లయినను సెప్టెంబరు 25వ తేదీన ఆయన మరణించెను. వయసు ముప్పదినాలుగేండ్లు. ఇంట భార్యయు ఇద్దరు పసిబిడ్డలును. రెండవ బిడ్డ పుట్టి యెన్నియో దినములు కాలేదు. తండ్రి ఆ బిడ్డ మొగమైనను చూచి యెరుగడు. లజియరు వ్రాసిపెట్టుకొన్న చిట్టాపుస్తకము రీడునకు చిక్కెను. ఏ దోమ ఏ రోగిని ఏ దినమున కుట్టినది, పిదప ఎన్నాళ్లకు ఎవరిని కుట్టినది అను లెక్క అందుండెను. దానినుండియే రహస్యము బయటపడెను. రోగియొక్క జ్వరము మొదటి మూడు దినములలో నున్నపుడు కుట్టిన దోమకు మాత్రమే విషమెక్కును. ఎక్కిన పిదపను పండ్రెండు దినములవరకు ఆ దోమ నిరపాయకరము. ఫిన్లే ప్రయత్నములు విఫలములగుట కిదియే కారణము.

ఇచ్చట రీడు చరిత్రములో ఒక చిక్కుముడి యున్నది. దానిని దాటివేయుట న్యాయము కాదు. తామే ముందు కుట్టించుకొందుమని ప్రతిన చేసిన సంఘమునకు అధ్యక్షుడాయన. అక్టోబరున తిరిగివచ్చిన తరువాత ఆయన దోమకు చేయి యియ్యలేదు. అప్పటి కాయన వయసు నలువదితొమ్మిది. ఆ వయసువారికి రోగము మిక్కిలి ప్రమాదకరము. ఆయనయు పోయినచో పరిశోధన అంతటితో ఆగును. ఇవి సమాధానములే. అయినను కారోలునకు ఆ కొఱత మనసున మిగిలిపోయెను. మేము రీడును పిరికివాడనము. కాని తాను చేయనిదానిని ఇతరులచే చేయింపవలసివచ్చిన స్థితియే ఆయనచే తరువాతి జాగ్రత్తల నన్నిటిని చేయించినదని యూహించుట తప్పు కానేరదు.

అక్టోబరు 23వ తేదీన రీడు తొలి ఫలితములను ఇండియానాపోలిసు నగరములో వైద్యుల సభకు నివేదించెను. పత్రికలు పరిహసించెను. ఆయనయు తన నిదర్శనములు చాలవని యెరుగును. అందుచే హవానాకు సమీపమున, మరియనావో దగ్గర, నిర్మానుష్యమైన పొలములో ఒక శిబిరమును నిర్మించి, చనిపోయిన మిత్రుని పేరిట దానికి లజియరు శిబిరమని పేరిడెను. క్యూబా గవర్నరు లెనార్డు వుడ్డు ధనసహాయము చేసెను. నవంబరు 20వ తేదీన శిబిరము ప్రారంభమయ్యెను. అందు కుదిరినవారిలో కొందరు అమెరికా సైనికులు. కొందరు స్పెయినునుండి పొట్టకూటికై అప్పుడప్పుడే వలస వచ్చిన యువకులు. క్యూబాలో నూతనముగా నడుగుపెట్టినవారగుటచే వారికి పూర్వము రోగము వచ్చియుండదని వారిని కోరిరి.

ఈ సందర్భముననే ఆ ప్రసిద్ధమైన ఒడంబడిక పుట్టెను. స్పానిషు భాషలోను ఇంగ్లీషులోను వ్రాయబడిన ఆ పత్రములో, సంతకము చేయువాడు ఇరువదియైదేండ్లు నిండినవాడనియు, స్వేచ్ఛగా ఒప్పుకొనుచున్నాడనియు, రోగము వచ్చినచో ప్రాణమునకు కొంతమట్టు కపాయ మున్నదని యెరుగుననియు స్పష్టముగా నుండెను. పాల్గొన్నందులకు 100 డాలర్ల బంగారు నాణెములు. రోగము వచ్చినచో మఱి 100. చనిపోయినచో ఆ ద్రవ్యము అతడు చెప్పినవారికి చేరును. ఉత్తమమైన వైద్యసహాయము ఉచితముగా లభించును. గడువు తీరకముందే శిబిరము విడిచిపోయినచో ద్రవ్యము దక్కదు. స్పెయిను యువకులను మోసపుచ్చుచున్నారని వదంతి పుట్టినపుడు రీడు స్పెయిను ప్రభుత్వ ప్రతినిధిని కలిసికొని, ఈ పత్రములను చూపి ఆయన యనుమతి పొందెను. సనరెల్లి చేసిన పనికిని దీనికిని ఎంత దూరమో చెప్పనక్కరలేదు.

అమెరికనులలో జాను కిసింజరు అను సైనికుడును, జాను మొరాను అను గుమాస్తాయు తామై ముందుకు వచ్చిరి. ద్రవ్యము మాకక్కరలేదనిరి. సైనికుని నెలజీతము 13 డాలర్లున్న కాలమది. డిసెంబరు 5వ తేదీన కిసింజరును దోమలు కుట్టెను; మూడు దినములలో జ్వరము వచ్చెను. అంతకుముందు చాలదినములు అతడు ఎవరికిని అంటకుండ శిబిరములోనే యుండుటచే, దోమకాటు తప్ప వేఱు కారణము చెప్పుటకు వీలు లేకపోయెను.

పిమ్మట రెండు చిన్న చెక్కయిండ్ల పరీక్ష జరిగెను. మొదటి యింటిలో దోమ చొరబడకుండ తలుపులు కిటికీలు బిగించి, లోపల వేడి నుంచి, పచ్చజ్వరరోగులు చనిపోయిన పరుపులు, వాంతితోను మలముతోను మలినమైన దుప్పట్లు తెచ్చి పరచిరి. డాక్టరు కూకు అను యువవైద్యుడును ఇద్దరు సైనికులును నవంబరు 30వ తేదీ మొదలు ఇరువది రాత్రులు ఆ దుర్గంధములో పరుండిరి. తరువాత మఱికొందరు అట్లే చేసిరి. ఒక్కనికిని తలనొప్పియైన రాలేదు. రెండవ యిల్లు గాలియు వెలుతురును కలిగి పరిశుభ్రమైనది. దానిని సన్నని తీగె తెరతో రెండుగా విభజించిరి. ఒక వైపున విషమెక్కిన పదునైదు దోమలను వదలిరి. మొరాను డిసెంబరు 21వ తేదీన ఆ వైపున పోయి పరుండెను. తెర కావలివైపున ఇద్దరు పరుండిరి. అందఱిది ఒకే గాలి. క్రిస్మసు పండుగనాడు మొరానునకు జ్వరము వచ్చెను. ఆవలి యిద్దరు ఆరోగ్యముగానే యుండిరి. నూరేండ్లనుండి బట్టలు కాల్చిన శ్రమ యంతయు వృథాయని ఆ తీగెతెర తేల్చివేసెను. లజియరు శిబిరములో రోగము వచ్చినవారందఱును కోలుకొనిరి. ఒక్క ప్రాణమును పోలేదు. ఆ సంవత్సరాంతపు రాత్రి రీడు భార్యకు జాబు వ్రాయుచు, మనుష్యుల బాధను కొంతయైన తగ్గించు భాగ్యము కలుగవలెనని ఇరువదియేండ్లుగా చేసిన ప్రార్థన ఫలించెనని సంతోషించెను.

1901లో కారోలు మఱియొక మెట్టెక్కెను. రోగి రక్తములోని ద్రవమును సూక్ష్మజీవులు దాటలేని వడపోతగుండ పోనిచ్చి, దానిని ఎక్కించినను రోగము వచ్చునని చూపెను. మనుష్యరోగములలో వైరసువలన కలుగునని మొట్టమొదట నిరూపింపబడినది ఈ పచ్చజ్వరమే. హవానాలో విలియము గోర్గాసు అను సైనికవైద్యుడు నీటితొట్లపై మూతలు పెట్టించి, నిలువనీటిపై కిరసనాయిలు చల్లించి, రోగులను దోమతెరలలో నుంచెను. 1900లో ఆ నగరమున 300కు పైగా పచ్చజ్వర మరణములు కలుగగా, 1902లో ఒక్కటియు లేదు. 1904 తరువాత పనామా కాలువ త్రవ్వకము సాగుటకును ఇదియే ఆధారము.

కాని కథ యింతతో ముగిసినదనుట సత్యమునకు లోపము. రీడు శిబిరములో ఎవరును చావకపోవుట చూచి, దోమచే కుట్టించి తేలికపాటి జ్వరము తెప్పించినచో అదియే టీకాగా పనిచేయునేమో యని హవానాలో ఇతర వైద్యులు కొందరు తలంచిరి. జువాను గితెరాసు 1901లో అట్టి ప్రయత్నము చేసెను. ముగ్గురు మరణించిరి. వారిలో క్లారా మాసు అను ఇరువదియైదేండ్ల అమెరికా నర్సు ఒకతె. ఆమె ఆగస్టు 24వ తేదీన చనిపోవుటతో ప్రజలు క్షోభించిరి, ప్రయోగములు నిలిచిపోయెను. మునుపు ఎవరును చావకపోవుట నేర్పువలననే కాదు, కొంత యదృష్టమువలనను గూడ జరిగినదని ఈ మరణములు తెలిపెను. ఒకే వ్యాధి, ఒకే దోమ, ఒకే విధమైన సమ్మతి. ఫలము మాత్రము వేఱు.

రీడు ఆ పైన ఎంతోకాలము జీవింపలేదు. 1902 నవంబరులో ఉండుకము వాచి శస్త్రచికిత్స జరుగగా, ప్రేగుపొర చెడి వాషింగ్టనులో ఏబదియొక యేట మరణించెను. 1909లో ఆయన పేరిట రాజధానిలో ఒక సైనిక వైద్యాలయము వెలసెను. ఆ పేరు నేటికిని అమెరికా సైనిక వైద్యకేంద్రమునకు నిలిచియున్నది. కారోలు 1907లో గుండెజబ్బుచే పోయెను. కిసింజరు తరువాతి కాలమున కాళ్లు పట్టుతప్పి పెక్కేండ్లు దుఃఖపడెను. ఆ ప్రయోగములలో పాల్గొన్న అమెరికనులకు 1929లో గాని వారి శాసనసభ పతకములును భృతియు నియ్యలేదు. స్పెయిను యువకుల పేర్లు చరిత్రలో మూలకు పడినవి. ఫిన్లే పేరు నోబెలు బహుమానమునకు పలుమారులు సూచింపబడెను. బహుమానము మాత్రము రాలేదు. త్యాగములన్నియు ఒకే త్రాసులో తూగవలయునని శాస్త్రము చెప్పును గాని, కీర్తిని పంచునపుడు లోకము ఆ త్రాసును వాడుట లేదు.

ఇక రీడు చేసినది ధర్మమా? విద్యావంతులగు మన పాఠకులలో ఈ విషయమున రెండు పక్షములు తప్పక ఉండును. మొదటిపక్షము వారు ఫలమును చూపుదురు. లక్షలమంది బ్రతికిరి, పాల్గొన్నవారు తెలిసి పాల్గొనిరి. రెండవపక్షము వారు ఒడంబడికను మరల చదువుమందురు. వలస వచ్చిన కూలివానికి 100 డాలర్ల బంగారము చూపిన పిదప అతని స్వేచ్ఛ ఎంత మిగిలియున్నది? ఈ ద్వీపమున నున్నంతకాలము ఎట్లును రోగము తప్పదు గనుక మా యొద్ద తెచ్చుకొనుట మేలని పత్రములో వ్రాయుట భయపెట్టుట కాదా? ప్రాణమునకు కొంతమట్టు కపాయమను మాట, పెక్కుమందిని చంపుచున్న రోగము విషయమున మిక్కిలి మెత్తనిది కాదా? ఈ ప్రశ్నలు న్యాయమైనవని మేమొప్పుకొనుచున్నాము. అయినను వీనిని మనము వేయగలుగుట ఆ పత్రమున్నందుననే కదా! వ్రాతలో లేనిదానిని విమర్శింపలేము. సనరెల్లి రోగుల విషయమున విమర్శించుటకు పత్రమే లేదు.

ఈ వాదము న్యాయస్థానము వరకు పోయెను. 1946, 1947 సంవత్సరములలో నురెంబర్గు నగరమున నాజీ వైద్యులను విచారించినపుడు, బందీలపై తాము చేసిన ఘోరములకు సమర్థనగా వారి పక్షము వారు ఇతర దేశముల ప్రయోగములను, రీడు ప్రయోగములతో సహా, ఉదాహరించిరి. న్యాయాధిపతులు ఆ పోలికను అంగీకరింపక, మనుష్యుని స్వచ్ఛంద సమ్మతి అత్యావశ్యకమను నియమమును మొదటనుంచి పది సూత్రములను ప్రకటించిరి. బందీని అడుగలేదు, మొరాను తానై వచ్చెను. భేదమంతయు నచ్చటనే యున్నది.

నేటి నియమములు ఇంకను కఠినములు. రోగమునకు నమ్మకమైన చికిత్స యుండవలయును, లేదా యువకులకు అది స్వల్పాపాయకరమై యుండవలయును; స్వతంత్రమైన ధర్మసంఘము ముందుగా పరిశీలింపవలయును; పాల్గొన్నవాడు ఎప్పుడు కోరిన అప్పుడు తప్పుకొనవచ్చును. పచ్చజ్వరమునకు నేటికిని ప్రత్యేకమైన మందు లేదు. అందుచే రీడు ప్రయోగమును రీడే నేడు చేయబూనినచో ఏ ధర్మసంఘమును అనుమతింపదు. ఆ వ్యాధికి మాక్సు థైలరు 1937లో సిద్ధపరచిన టీకా మాత్రము నేటికిని నిలిచియున్నది. ఆఫ్రికాకు పోవు మన ఉద్యోగులు వేయించుకొనునది అదియే. ఆ దోమ మన దేశమునను కలదు. చెన్నపురి, బెంగుళూరు మున్నగు నగరములలో డెంగ్యూజ్వరమును తెచ్చుచున్నది అదియే. పచ్చజ్వరము మాత్రము మన దేశమున వ్యాపింపలేదు. విదేశములనుండి వచ్చువారిని టీకాపత్రము చూపుమని మన ప్రభుత్వము పట్టుపట్టుట అందుచేతనే.

చికిత్సగల రోగముల విషయమున ఈ పద్ధతి నేడు మేలు చేయుచున్నది. హైదరాబాదులో భారత్ బయోటెక్కు సంస్థ తయారుచేసిన టైఫాయిడు టీకాను ఆక్సుఫర్డు విశ్వవిద్యాలయమువారు ఇట్లే పరీక్షించిరి. నూరుమందికి పైగా ఆరోగ్యవంతులు తెలిసి, సమ్మతించి టైఫాయిడు క్రిములను త్రాగిరి. రోగము కనబడినంతనే మందు లిచ్చి వారిని బాగుచేసిరి. 1898లో ఏ టైఫాయిడు కారణమును వెదకుచు రీడు దండులను తిరిగెనో, ఆ టైఫాయిడునకే హైదరాబాదు టీకా రక్షణ కల్పించుచున్నదని 2017లో ఆ ఫలితములు ప్రకటితములయ్యెను. మరుసటి యేడు ప్రపంచ ఆరోగ్యసంస్థ ఇట్టి టీకాలను రోగము హెచ్చుగా నున్న దేశములలోని శిశువులకు సిఫారసు చేసెను. 2021లో లండనులో 36 మంది యువకులు కోవిడు వైరసును తమ ముక్కులలో వేయించుకొనిరి. ఎవరికిని తీవ్రమైన రోగము రాలేదు. మన దేశములోను 2023లో భారత వైద్యపరిశోధన మండలి ఈ పద్ధతిని గూర్చిన విధానపత్రమును చర్చకు పెట్టెను.

ఈ చర్చలో మా యభిప్రాయము నొక్కమాటలో చెప్పుదుము. మన దేశమున పేదరికము మెండు, చదువు తక్కువ, తెల్లకోటు తొడిగినవానికి ఎదురు చెప్పని యలవాటు చిరకాలమునుండి కలదు. ఇట్టిచోట సంతకము సులభముగా దొరకును. సమ్మతి దొరకుట కష్టము. కావున పత్రము పాల్గొనువాని మాతృభాషలో నుండవలయును. అపాయమును మెత్తపరచి చెప్పరాదు. ద్రవ్యము నష్టపరిహారమంతయే గాని యెర కారాదు. కొన్ని యేండ్లకు కాలు పడిపోయినచో చూచువా రెవరో ముందే నిర్ణయింపవలయును. చదువుకొన్నవారును, పరిశోధకులును ముందువరుసలో నిలువవలయును; కూలివాని చేయి తరువాత. కారోలు తన చేయి ముందు చాచెను గనుకనే డీనును అడుగుటకు ఆ సంఘమునకు అర్హత కలిగెను. వైద్యులును, న్యాయవాదులును, ఉద్యోగులును అగు మన పాఠకులు ఇట్టి పత్రములను వ్రాయువారుగనో, పరిశీలించువారుగనో యుందురు. అట్టి కాగితము తమ బల్లపైకి వచ్చిన దినమున, శిబి కోసినది తన తొడ యని యొక్కసారి స్మరించినచో, లజియరు ఋణము కొంతయైన తీరునని నమ్ముచున్నాము.